నా ముల్లు, నా ఆకుపచ్చ

తప్పు నాదే. ఒక ఆదివారం భోజనాల దగ్గర, పెరుగు వడ్డిస్తూ, "సాయంత్రమైతే కారులో స్పీడు ముల్లు సరిగ్గా ఆనడం లేదురా" అన్నాను. అరవై ఒక్క ఏళ్ళు వచ్చినా ఎవరి ముందు ఏం అనకూడదో నేర్చుకోలేదు. మా అబ్బాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అయితే డ్రైవింగ్ ఆపెయ్యమ్మా. సింపుల్. యాప్‌లో బుక్ చేస్తే రెండు నిమిషాల్లో క్యాబ్ వస్తుంది. నీకు ఈ టెన్షన్ ఎందుకు?" అన్నాడు. వాడు బెంగళూరుకు ఆ చివర బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటాడు, వారానికొకసారి ఈ చివర యలహంక వచ్చి మా జీవితాలను సరిచేసి వెళ్తాడు. ఆ రోజు చేతులు కడుక్కునేలోగా తీర్మానం కూడా అయిపోయింది. ఆయుధపూజ దాకా కారు ఉంటుంది. పూజ అయ్యాక వాడి ఆఫీసులో ఎవరో అడుగుతున్నారట, వాళ్ళకిచ్చేస్తాం. మా ఆయన కుర్చీలో కూర్చుని, "వాడు చెప్పిందీ నిజమే కదే" అన్నారు. స్టీరింగు ఒక్కరోజైనా పట్టని మనిషి అభిప్రాయం అది.

ఇరవై ఎనిమిదేళ్ళు బడికి రెండు బస్సులు మారి వెళ్ళాను. ఒక చేత్తో లెక్కల పుస్తకాల సంచీ, ఇంకో చేత్తో పైనున్న కడ్డీ. రిటైరైన నెలలోనే డ్రైవింగ్ స్కూల్లో చేరాను, ఆ ఏడాదే సెకండ్‌హ్యాండు కారు కొన్నాను. మంగళ, శుక్రవారాలు జక్కూరులో నా పాత సహోద్యోగి ఇంటికి వెళ్ళి నలుగురం క్యారమ్స్ ఆడతాం. ఏడు కాకముందే ఇల్లు చేరతాను. "క్యారమ్స్ కోసమా రిస్క్?" అన్నాడు మావాడు. అవును, క్యారమ్స్ కోసమే. ఆస్పత్రికో గుడికో అని చెబితే గౌరవంగా ఉండేదేమో, నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు.

అయినా కోపం పక్కన పెట్టి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుడ్డిగా మొండికేయడం నా పద్ధతి కాదు. డాక్టరమ్మ అక్షరాల పలక చదివించింది, కళ్ళలో వెలుగు కొట్టి చూసింది. పొర ఇప్పుడిప్పుడే మొదలవుతోందట, ఆపరేషన్‌కు ఇంకా టైముందట, బండి నడపడానికి అడ్డేమీ లేదట. "మీ డయల్లో లైటు ఏ రంగు?" అని అడిగింది. నీలం అన్నాను. "ఈ వయసు కళ్ళకు నీలం వెలుగు చెదురుతుంది. దాని వల్లే మసక" అంది.

ఆ శుక్రవారం క్యారమ్స్ అయ్యాక, పొద్దుగూకే వేళ, ఆ జక్కూరు స్నేహితురాలి పాత కారులో కూర్చుని లైట్లు వేయమన్నాను. దాని డయలు ఆకుపచ్చ. ఒక్కొక్క అంకె నల్లబల్ల మీద నేనే రాసినంత స్పష్టంగా ఉంది. ఒళ్ళు మండిపోయింది. తప్పు కంటిది కాదు, దీపానిది. దీపం రంగు మార్చడానికి బదులు మనిషిని దింపేస్తారా!

యలహంక పాత ఊళ్ళో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. మూడు తరాల క్రితం హిందూపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం, తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగిస్తాడు. నా కోరిక విని నవ్వాడు.

"టీచరమ్మా, కుర్రోళ్ళు వస్తాండారు ఈ రంగులకి. మీకెందుకు? కంపెనీవాళ్ళు ఇచ్చింది బాగానే ఉండాది కదా, సుమ్నే, ఊరికే ముట్టేది ఎందుకు?"

"నీకు బాగుంది. నాకు కనపడటంలేదు. కంపెనీవాళ్ళు నా కళ్ళు చూసి చేశారా?"

స్క్రూడ్రైవరు అందుకున్నాడు. "అట్లయితే చేస్తా పదండి" అన్నాడు.

నేను స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. స్టీరింగు వెనక స్క్రూలు విప్పి మొత్తం మీటరును బయటికి లాగాడు. అందులో చిటికెన వేలి గోరంత బల్బులు, అంకెల పలక వెనక నీలం పొర. ఆ పొర తీయాలంటే పలక ఊడాలి, పలక ఊడాలంటే ముల్లు తీయాలి. ముల్లు కింద సన్న పెన్సిలుతో ఏదో గీత పెట్టుకుని, రెండు చెంచాలతో ఇటూ అటూ ఎత్తి మెల్లగా ఊడదీశాడు. పొర పోయింది, ఆకుపచ్చ బల్బులు వచ్చాయి. ముల్లు తిరిగి పెట్టేటప్పుడు చూశాను. సున్నా గీతకు కిందగా, ఏటవాలుగా పెడుతున్నాడు.

"సున్నా మీద పెట్టప్పా" అన్నాను.

"ముందు ఇట్లే ఉండిందమ్మా..."

"ఆగిన బండికి వేగం సున్నా. సున్నా అంటే సున్నాయే. దాని కిందికి ఎలా పోతుంది?"

ఆరో తరగతి పిల్లలను బెదిరించిన గొంతు అది, ఇంకా పోలేదు. అతను తల గోక్కుని, ముల్లును తెచ్చి సున్నా మీద సరిగ్గా కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రం నా ఆనందం ఏమని చెప్పను! చీకటి పడేకొద్దీ డయలు లేత వరిమడిలా వెలిగింది. ప్రతి అంకె కనిపించింది. కానీ వెనకున్న ప్రతివాడూ హారన్ కొట్టాడు. ట్యాంకర్ వాడు కొట్టాడు, స్కూటరు మీద వెళ్తున్న ముసలాయన కూడా కొట్టాడు. ఆదివారం మావాడు పక్క సీట్లో కూర్చున్నాడు.

"అమ్మా, ఎంతలో వెళ్తున్నావు?"

"నలభై."

వాడు ఫోనులో మ్యాపు తెరిచి నా ముందు పెట్టాడు. ముప్పై రెండు. "బాగున్న మీటరు కూడా పాడు చేసుకున్నావు. ఇప్పుడేమంటావు?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అన్నాడు. నాకు సిగ్గేసింది. కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే ఆ ముప్పై రెండు బుర్రలో తిరగసాగింది. మా ఆయన్ను లేపి, ఫోను చేతికిచ్చి, కారెక్కించాను. దొడ్డబళ్ళాపుర రోడ్డు మీద, "నేను డయలు చదువుతాను, మీరు ఫోను చదవండి" అన్నాను. ముప్పై అన్నాను, ఇరవై రెండు అన్నారు. యాభై అన్నాను, నలభై రెండు అన్నారు. అరవై, యాభై రెండు. పక్కకు తీసి ఆపాను. అన్నిచోట్లా తేడా ఎనిమిదే. మీటరు పాడైతే తేడా పెరగాలి, తగ్గాలి, ఎగరాలి. ప్రతి జవాబుకూ ఎనిమిది కలిపి రాసే పిల్లవాడికి లెక్క రాకపోవడం కాదు, వాడు మొదలుపెట్టిన చోటు తప్పు. ముల్లును ఆ తప్పు చోట మొదలుపెట్టించింది నేను.

"ఎందుకే నవ్వుతున్నావు?" అన్నారాయన.

"లెక్కల టీచరు సున్నా దగ్గరే ఫెయిలైంది" అన్నాను.

నేరుగా ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. "నేను అప్పుడే చెప్దామనుకుంటి. బండి ఆఫ్‌లో ఉంటే ముల్లు సున్నా కిందికి వాలతాది, ఆన్ చేస్తేనే సున్నాకి లేసేది. టీచరమ్మ మాటకి ఎదురు చెప్పేదెట్ల అని ఊరకుంటి" అన్నాడు. మళ్ళీ విప్పాడు. అతను పెట్టుకున్న పెన్సిలు గీత అక్కడే ఉంది. ముల్లు తన పాత చోట, సున్నాకు కాస్త కింద, హాయిగా వాలింది.

ఆయుధపూజ నాడు కారు కడిగి, బంతిపూల దండ వేసి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మావాడు వచ్చాడు. కారు కాగితాలు పెట్టుకోవడానికి ఫైలు కూడా తెచ్చాడు. పొద్దుగూకే దాకా ఆగి, "రా, నిమ్మకాయలు తొక్కించాలి" అని పక్కన కూర్చోబెట్టాను. నాలుగు కాయలూ చితికాయి. జక్కూరు దారి పట్టాక లైట్లు వేశాను.

"ఫోను తియ్యి. నేను ముందు చెప్తాను, నువ్వు తర్వాత చూడు. ముప్పై ఐదు."

"ముప్పై ఐదు."

"నలభై నాలుగు."

వాడు ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "నలభై నాలుగు."

ఏడెనిమిదిసార్లు అయ్యాక వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. వెనక ఒక్కడూ హారన్ కొట్టలేదు. ఇంటి గేటు దగ్గర ఆపాక డయలు వైపు చాలాసేపు చూశాడు.

"మా ఆఫీసు అతనికి ఏం చెప్పమంటావు? ఈ రంగు చూస్తే వద్దంటాడేమో."

"వద్దంటే మంచిది. ఇది నా కొలతకు కుట్టించుకున్న రవిక అని చెప్పు, ఇంకెవరికీ పట్టదు" అన్నాను. "నా కళ్ళకు కనపడని రోజు ఆ సంగతి నేనే చెప్తాను. మొన్న చెప్పింది కూడా నేనే కదరా. ఇంకోసారి చెప్పాల్సొస్తే నేను నోరు మూసుకునేలా చేయకు."

వాడు సీటు బెల్టు తీశాడు. "వచ్చే ఆదివారం నన్ను బ్రూక్‌ఫీల్డ్ దాకా దింపుతావా?" అన్నాడు.

"దింపుతా. మంగళవారం, శుక్రవారం మాత్రం కుదరదు" అని, ఇంజను ఆపి, తాళం తీసి నా నడుముకే దోపుకున్నాను.