గజ్జెల మూట

చాలా ఏళ్ల కిందట, నిర్మల్ నుంచి కరీంనగర్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న యువతి ఒళ్లో పాతచీర ముక్కలో కట్టిన గజ్జెలున్నాయి. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా అవి ఘల్లుమంటుంటే చేత్తో అదిమి పట్టుకుంటోంది.

ఊరుకోలేక అడిగాను. వాళ్లది కొత్త నృత్యాలు కూర్చి ఆడే బృందమట. ఆ సాయంత్రమే కరీంనగర్‌లో ఆట.

"గీ కొత్త ఆటల్ల గజ్జెలు కట్టమక్కా. ఉత్త కాళ్లతోనే ఆడాలె," అంది.

"మరి ఇవెందుకు?"

ముందు సీట్లో మద్దెల పట్టుకుని కునుకుతున్న ముసలాయనను చూపించి గొంతు తగ్గించింది.

"గాయనకు జర కోపముంది. ఇన్నేండ్లు కండ్లు మూసుకొని, గజ్జెల సప్పుడు ఇనుకుంటనే వాయించిండు. గజ్జెలు లేకుంటే నీ అడుగు నాకెట్ల తెలుస్తదంటుండు. ఆఖరికి గూడ ఒప్పుకోకుంటే కట్టుడే ఇగ."

కరీంనగర్ బస్టాండులో ఆమె ముందు దిగింది. వెనకే దిగాల్సిన ముసలాయన మెట్ల మీద ఆగిపోయి ఆమె కాళ్లవంకే చూస్తున్నాడు. ఆమె నడుస్తుంటే, మద్దెలకు చుట్టిన గుడ్డ మీద ఆయన వేళ్లు కదులుతున్నాయి. "జరుగు తాతా," అని కండక్టర్ అంటున్నా వినలేదు.

ఆ ఆట చూడటం నాకు కుదరలేదు. ఆమె గజ్జెలు కట్టిందో లేదో ఇప్పటికీ తెలియదు. బస్సులోంచి నా ముందు ఎవరు దిగినా మాత్రం, నా చూపు వాళ్ల కాళ్ల మీదికే పోతుంది.