హీమోగ్లోబిన్ ఇమాంసాహెబ్

ఇమాంసాహెబ్ సారుకు ఒకటే పిచ్చి. ఎంజైము పేరుగానీ ప్రొటీను పేరుగానీ చెవిన పడితే, దానికి ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారో చెప్పందే వదలడు. కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరై, తిరుపతిలో నా రక్తపరీక్షల ల్యాబులో చేరాడు. జీతం ఊసే ఎత్తలేదు. "మాట్లాడేదానికి మనుషులుంటారు గదప్పా మునిశేఖరా," అన్నాడు. మనుషులంటే షుగరు పరీక్షకు ఖాళీ కడుపుతో వచ్చి కూర్చునేవాళ్ళు. పాపం, వాళ్ళు ఎక్కడికీ పోలేరు.

ఆయన ఇంట్లో భోజనం కూడా ఒక పరీక్షే. కబాబులకు మాంసం మెత్తబడాలని ఆయన భార్య రహిమున్నీసమ్మ పచ్చి బొప్పాయి రుబ్బి పట్టిస్తుంది. పళ్ళెం రాగానే సారు చెయ్యి అడ్డం పెడతాడు.

"దీన్ని మెత్తగా చేసిందేది? పపైన్ అనే ఎంజైము. బొప్పాయిని ఇంగ్లీషులో పపాయా అంటారు, అందుకే పపైన్. మిణుగురులో వెలుగు పుట్టించే ఎంజైముండాది సూడు..."

"మిణుగురును మేం తినబోవడంలా," అంది రహిమున్నీసమ్మ. "కబాబు ఆరిపోతా ఉండాది."

"లూసిఫరేజ్! లాటిన్లో లూసిఫర్ అంటే వెలుగు మోసేవాడు..."

ఆ ఇంట్లో నేను వేడి కబాబు తిన్న పాపాన పోలేదు.

కంటిలోపలి పొరలో ఉండే ఒక ప్రొటీనుకు జపాను శాస్త్రజ్ఞులు పికాచు అనే కార్టూన్ బొమ్మ పేరు మీద పికాచురిన్ అని పెట్టారు. ఆ కథ చెప్పి ఏడ్చే పిల్లలకు సూది గుచ్చించేవాడు. 'సోనిక్ హెడ్జ్‌హాగ్' అనే ప్రొటీను దగ్గర మాత్రం ఆయన గొంతు తగ్గేది. అది వీడియోగేములో ఒక ముళ్ళజంతువు పేరు. "సరదాకు పెట్టినారు. ఆ ప్రొటీనులో లోపముంటే కడుపులో బిడ్డ తల సరిగ్గా ఏర్పడదు. కన్నతల్లికి డాక్టరు ఈ పేరెట్టా చెప్తాడప్పా?"

ఎవరెవరో పెట్టిన పేర్లన్నీ చెప్పుకు తిరిగే మనిషికి, తానూ ఒక్క పేరు పెట్టాలని చచ్చేంత ఆశ. దాన్ని దాచుకోనూ లేదు.

ఆ అవకాశం సత్యవేడు నుంచి వచ్చింది. ఆ ఊరి నుంచి శ్రీ సిటీ ఫ్యాక్టరీకి పనికెళ్ళే లోకేశ్వరి రక్తంలో హీమోగ్లోబిన్ ఏదో తేడాగా కనిపిస్తే పెద్ద ల్యాబుకు పంపాం. ప్రమాదమేమీ లేదు, ఇంతవరకు ఎవరూ చూడని రకం, పేరు మీరే చెప్పండని వాళ్ళు ఫోన్ చేశారు. అలాంటప్పుడు ఆ మనిషి ఊరి పేరు పెట్టడం రివాజు. "హీమోగ్లోబిన్ సత్యవేడు!" అంటూ సారు అందరికీ టీలు, వడలు తెప్పించాడు.

పేరు సంగతి విని మర్నాడు ఆ పిల్ల నాయన గోవిందయ్య వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఊరి పేరు పెట్టొద్దు సామీ. ఇది జబ్బు కాదని మీరు చెప్తే నాకు తెలిసింది. ఊరికెవురు చెప్తారు? గోవిందయ్య కూతురి వల్ల ఊరి పేరు చెడిందంటారు. దినమూ కంపెనీ బస్సులో పొయ్యే బిడ్డ. రేపట్నించి దాని పక్కన ఎవురు కూసుంటారు?"

నేను సర్దిచెప్పబోతే సారు ఆపాడు. "పెట్టను గోవిందయ్యా. నీ బిడ్డ పేరుగానీ ఊరి పేరుగానీ యాడా రాదు."

గోవిందయ్య వెళ్ళాక, "మరి దానికి పేరొద్దా సార్?" అన్నాను. ఆయన పెద్ద ల్యాబుకు ఫోన్ చేసి తన పేరే చెప్పేశాడు.

పాత కాలేజీలో ఒకటే వెక్కిరింపు. పెద్దాయనకు పేరు పిచ్చి ముదిరిందట, ఊరి పేరు తోసేసి తన పేరు పెట్టుకున్నాడట. నాకు ఒళ్ళు మండింది. అసలు సంగతి చెప్పేస్తానంటే సారు నన్ను నోరెత్తనివ్వలేదు. ఇక మా వీధిలో అయితే, సారుకు ఏదో రక్తం జబ్బని పుకారు పుట్టింది.

ఒకరోజు మేమిద్దరం ల్యాబుకు పోతుంటే పూలమ్మే చెంగమ్మ ఆయన్ను ఆపింది.

"సారూ, రక్తంలో ఏదో తేడా అంట గదా? దానికి మీ పేరెట్టా వచ్చింది?"

తనంతట తానే అడిగి పేరు కథ చెప్పమన్న మనిషి ఆయనకు జన్మలో దొరికింది చెంగమ్మ ఒక్కతే. సారు నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"మా తాతల కాడ్నించి వస్తా ఉండాదిలేమ్మా," అన్నాడు.

"అయ్యో పాపం. దానిమ్మకాయలు తినండి సారూ, రక్తానికి మంచిది."

"అట్నేలేమ్మా," అన్నాడు బుద్ధిగా. దారిలో ఆగి దానిమ్మకాయలు కొన్నాడు కూడా.