చప్పుళ్ళ బాబాయిగారి మీటరు

“నూట రెండు! మన పాప ఏడుపు నూట రెండు డెసిబెళ్ళు! ఇళ్ళున్న వీధిలో యాభై అయిదు దాటకూడదట. అంటే చట్టం దృష్టిలో మన పాప ఒక లారీ!”

చప్పుడు కొలిచే యాప్ తెరిచి, పాప నోటి దగ్గర ఫోను పట్టుకుని ఆ తల్లి ఈ మాటలు అంటుంటే, భర్త డ్యూటీకి వెళ్తూ బూట్లు తొడుక్కుంటున్నాడు.

“కాస్త ఎక్కువేలే,” అన్నాడు.

“కాస్తా? పది పెరిగితే శక్తి పదింతలు. నలభై ఏడు పెరిగిందంటే యాభై వేల రెట్లు!”

“అందుకే నేను సైన్సు జోలికి పోలేదు,” అని అతను వెళ్ళిపోయాడు.

ఆమె ఫిజిక్సు చదువుకుంది. కాబట్టి అందరు తల్లులూ భయపడే వాటికి భయపడుతూనే, లెక్క తెలిసినవాళ్ళు మాత్రమే భయపడగలిగే వాటికి కూడా భయపడేది. ఈ భయానికి ఇంకో కారణం ఉంది. సరిగ్గా వాళ్ళ నెత్తి మీద, పై అంతస్తులో, నగరపాలక సంస్థ చప్పుళ్ళ ఇన్‌స్పెక్టరు కాపురముంటున్నారు.

ఆయనకున్న అలవాటు ఒక్కటే. చెవిన పడిన ప్రతి చప్పుడునీ మీటరు పెట్టి కొలిచి, అంకె పైకి చెప్పేస్తారు. మెట్ల మీద ఎవరైనా తుమ్మితే “ఎనభై ఒకటి” అంటారు. తుమ్మినవాడికి థాంక్స్ చెప్పాలో, తప్పయిపోయిందనాలో తెలియక ముక్కు తుడుచుకుని పోతాడు. బిల్డింగులో అందరూ ఆయన్ని చప్పుళ్ళ బాబాయి అనేవాళ్ళు. ఆ మాట నలభై దాటకుండా అనేవాళ్ళు.

ఆఫీసులో ఒకాయన రిటైరవుతుంటే అందరూ చప్పట్లు కొట్టారట. బాబాయి మీటరు చూసి, “డెబ్భై ఎనిమిది. బావుంది. పోయినేడు వెళ్ళినాయనకి ఎనభై మూడు వచ్చింది,” అన్నారు. రిటైరైనాయన ఇప్పటికీ వీధిలో ఎదురైతే తల తిప్పుకుంటాడు.

“పెళ్ళయిన కొత్తలో నా గొంతు ఎలా ఉందండీ అని అడిగానమ్మా,” అని ఆయన భార్య, అంటే బిల్డింగు మొత్తానికి పిన్నిగారు, ఒకరోజు పాప తల్లితో చెప్పింది. “తేనెలా ఉందంటారేమో అనుకున్నా. యాభై ఎనిమిది అన్నారు.”

“మామూలుగా మాట్లాడితే యాభై ఎనిమిది,” అని బాబాయి సవరించారు. “కోపమొస్తే డెబ్భై. అసలు మాట్లాడటం మానేస్తే ముప్పై ఒకటి. నాకు భయం ఆ ముప్పై ఒకటితోనే.”

వాళ్ళింట్లో కుర్చీలన్నిటికీ మేజోళ్ళుంటాయి. జరిపినప్పుడు కింది ఇంటికి వినపడకూడదని నాలుగు కాళ్ళకీ నాలుగు తొడుగుతారు. బాబాయి మాత్రం చలికాలంలో కూడా ఉత్త కాళ్ళతో తిరుగుతారు. ఉన్న మేజోళ్ళన్నీ కుర్చీలకే సరిపోయేవి.

ఇక వీధి సంగతి. నగరం గీసిన పటం ప్రకారం ఈ వైపు ఇళ్ళ ప్రాంతం, ఆ వైపు దుకాణాల ప్రాంతం. ఆ వైపు పది డెసిబెళ్ళు ఎక్కువ అరవచ్చు. వీధి కుక్క మాత్రం ఈ వైపే కూర్చుని మొరిగేది. బాబాయి బిస్కెట్టు చూపించి దాన్ని రోడ్డు దాటించి, “ఇక్కడ మొరుక్కో. నీ హక్కు,” అని చెప్పి వచ్చేవారు. అది తిని, వెనకాలే ఇవతలికి వచ్చేసి మొరిగేది.

ఇలాంటి మనిషి నెత్తి మీద ఉండగా, ఆమె భయపడ్డదే జరిగింది. కింది అంతస్తు ఆయన ఫిర్యాదు ఇచ్చాడు.

అతను డిటెక్టివ్ నవలలు పైకి చదివి రికార్డు చేసే మనిషి. గది నిశ్శబ్దంగా ఉండాలని బట్టల బీరువాలో కూర్చుని మరీ చదువుతాడు. “హంతకుడు మెట్లెక్కుతుంటాడు మేడమ్,” అని మొహం వేలాడేసుకుని ఆమెకే వచ్చి చెప్పాడు. “వెనకాల పాప ఏడుపు. పుస్తకంలో పాపే లేదు. వినేవాళ్ళు చివరిదాకా ఆ పాప ఎవరా అని చూసి, నన్ను తిడుతున్నారు. ఆడియో కంపెనీవాళ్ళు కొత్త రికార్డింగు వెనక్కి పంపేశారు.”

ఇంటి ఓనరు అప్పుడే ఫోను చేశాడు. “నగరపాలక సంస్థ నుంచి నా బిల్డింగుకి నోటీసు వచ్చిందో, మీరు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే.”

మర్నాడు సాయంత్రం, పాప రోజూ ఏడుపు అందుకునే వేళకి, తలుపు తట్టిన చప్పుడైంది. బాబాయిగారు. చేతిలో మీటరు. దాని కొసన గాలి తగలకుండా తొడిగిన నల్లటి స్పాంజి బంతి.

“అమ్మాయ్, ఫిర్యాదు వచ్చింది. కొలవాలి.”

“బాబాయ్ గారూ, నేను ముందే కొలిచాను. నూట రెండు.”

“ఎక్కడ పెట్టి?”

“నోటి దగ్గర.”

“నోటి దగ్గర పెడితే ఎవరైనా లారీయే,” అని ఆయన కుర్చీ లాక్కుని, అది చేసిన చప్పుడుకి బాధపడి, మీటరు పాప ముందు పట్టుకున్నారు.

పాప నల్ల బంతిని చూసింది. నోరు తెరిచింది. ఏడవడం మర్చిపోయి, తెరిచిన నోరు అలాగే ఉంచి చూస్తూ కూర్చుంది.

చాలాసేపయ్యాక బాబాయి లేచారు. “శాంపిల్ రాలేదు. రేపు రావాలి.”

మర్నాడూ రాలేదు శాంపిల్. ఆ మర్నాడు పిన్నిగారు కూడా వచ్చింది. “కొలత అయ్యేసరికి ఆలస్యమవుతుంది. నువ్వెళ్ళి స్నానం చేసి రా,” అంది. తర్వాత నుంచి సాయంత్రాలు ఇదే వరస. బాబాయి ఒళ్ళో పాప, పాప చేతిలో నల్ల బంతి. తల్లి వంటింట్లో, ఎన్నో వారాలుగా కుదరనిది, కూర్చుని వేడివేడిగా అన్నం తింటోంది. తింటూనే చెవులు ముందుగది వైపు వేసి ఉంచేది. ఏ క్షణాన పాప నోరు విప్పుతుందో, ఏ అంకె వస్తుందో!

ఒకరోజు పాప నోరు విప్పనే విప్పింది. బంతి కింద పడిందని గోడలు అదిరేలా ఏడ్చింది. అన్నం చేత్తోనే ఆమె పరుగెత్తుకొచ్చింది. “ఎంత? బాబాయ్ గారూ, ఎంత వచ్చింది?”

బాబాయి మొట్టమొదటిసారి అంకె చెప్పలేదు. పాపని భుజాన వేసుకుని కిటికీలోంచి కుక్కని చూపిస్తున్నారు.

ఆమె మీటరు తీసి చూసింది. తెర నల్లగా ఉంది. మీట నొక్కింది. వెలగలేదు. వెనక మూత తీసింది. ఖాళీ.

“ఇందులో బ్యాటరీలు లేవు!”

“లేవు.”

“మరి ఇన్నాళ్ళూ కొలిచిందేమిటి?”

“కొలిస్తే అంకె వస్తుంది. అంకె వస్తే రాయాలి. రాస్తే నోటీసు. నా ఉద్యోగంలో అబద్ధం రాయను అమ్మాయ్. అందుకని అంకె రాకుండా చూసుకున్నాను.”

“ఆ బ్యాటరీలు తీసిన రోజు ఈయన మొహం చూడాలి,” అంది పిన్నిగారు. “కన్ను పీకి ఇచ్చినట్టు నా చేతిలో పెట్టారు.”

“కింది ఆయన ఊరుకుంటారా?” అంది తల్లి.

“వాళ్ళింటికి బ్యాటరీలు వేసుకునే వెళ్ళాను,” అన్నారు బాబాయి ఏ భావమూ లేకుండా. “బీరువాలో ఆయన పక్కనే కూర్చున్నా. వేలాడదీసిన కోట్ల మధ్య. హతుడు చచ్చేటప్పుడు ఆయన వేసిన కేక ఎనభై ఎనిమిది. ఆ కేకకే కదా పైన మీ పాప ఉలిక్కిపడి లేచేది! ‘పాపది రాస్తే హతుడిది కూడా రాయాలి, ఏం చేద్దాం?’ అని అడిగాను. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. హత్యలన్నీ పొద్దుటికి మార్చుకున్నాడు. సాయంత్రాలు ఇప్పుడు తోటపని పుస్తకం చదువుతున్నాడు. బావుంది, నలభై మూడు.”

“వెనక్కి తీసుకున్నారా? ఎప్పుడు?”

“మొదటి వారంలోనే.”

“మరి నాకు చెప్పలేదేం? నేను రోజూ భయంతో చచ్చాను!”

బాబాయి మొదటిసారి కాస్త తడబడ్డారు. “చెబుదామనే వచ్చాను. నువ్వు స్నానానికి వెళ్ళావు. తర్వాత రోజు అన్నం తింటున్నావు. ఫిర్యాదు లేదంటే నేను రావడానికి కారణమేముంది?”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. సుమారు ముప్పై ఒకటి ఉంటుంది. బాబాయి కంగారుపడి కుర్చీ సర్దుకున్నారు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, జేబులోంచి నాలుగు మేజోళ్ళు తీసి ఆ కుర్చీ కాళ్ళకి తొడిగారు. తర్వాత ఆమె ఫోను వైపు చూశారు.

“అమ్మాయ్, అందులో ఆ కొలిచేది తీసెయ్. ఒక చేత్తో మీటరు పట్టుకుంటే పాపని ఒంటి చేత్తో ఎత్తుకోవాలి. అది ఏడవగానే చేతిలో ఏదున్నా పక్కన పెట్టి, రెండు చేతులతో ఎత్తుకో. ఎంత, ఎందుకు అన్నవి తర్వాత.”

ఆమె ఆ యాప్ తీసేసింది. అప్పటినుంచి పాప ఏడవగానే చేతిలో ఏదున్నా పక్కన పెట్టేస్తుంది. నిన్న పాలగిన్నె పెట్టింది, మండుతున్న పొయ్యి మీదనే. పాలు చుయ్యిమంటూ పొంగిపోయి స్టవ్వంతా కారాయి. పైనుంచి మెల్లగా ఒక గొంతు వినిపించింది. “యాభై రెండు. పరవాలేదు.”