ఉష్ అక్క

పురిటి వార్డులో పసికందుల వినికిడి పరీక్షించే ఆమెను అందరూ ఉష్ అక్క అంటారు. చప్పుడైతే పరీక్ష చెడుతుందని ఆమె కాలు ఒకచోట నిలవదు. కిర్రుమనే తలుపు దగ్గరికీ, మోగే ఫోను దగ్గరికీ పరుగెత్తి, పెదవులపై వేలుంచి "ఉష్!" అంటుంది. ఆరోజు ఒక పాపకు రెండోసారి పరీక్ష. చెవిలో సన్నని గొట్టం పెట్టబోతుంటే బయట గిన్నెల బండి బోర్లాపడింది. వార్డులోని పిల్లలంతా గుక్కపెట్టి ఏడ్చారు. నిద్రలో ఉన్న ఈ పాప ఉలిక్కిపడనైనా లేదు. "మా బంగారం, ఎంత నెమ్మదో!" అని మురిసిపోయింది అమ్మమ్మ. పెదవుల దాకా వెళ్లిన ఉష్ అక్క వేలు అక్కడే ఆగిపోయింది. పరీక్ష మిషను కూడా మొన్నటిలాగే, చెవి నుంచి జవాబు రాలేదని చూపింది. "ఎల్లుండి పెద్ద పరీక్షకి తీసుకురండమ్మా. వినపడట్లేదని తేలితే ఇప్పట్నుంచే చెవికి మిషను పెట్టొచ్చు, మాటలు నేర్పొచ్చు," అంటూ ఉష్ అక్క చీటీ అందించింది. అమ్మమ్మ చీటీ అందుకోలేదు. పెదవులపై వేలుంచి, "ఉష్! మెల్లగా మాట్లాడమ్మా, పాప లేస్తుంది," అంది. ఉష్ అక్క గొంతు తగ్గించింది.