రాని పిల్లకు వేసిన హాజరు

నలభై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని నా డైరీలో మోస్తున్నాను. రోజూ రాస్తాను, ఉన్నదే రాస్తాను అని గర్వపడేవాణ్ణి. ఆ ఒక్క పేజీ తప్ప అన్నీ నిజమే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఆదిలాబాద్ అడవి అంచున ఒక ఊళ్లో నేనొక్కణ్ణే పంతుల్ని. కాగజ్‌నగర్ మిల్లులో పనికని ఒక్కో కుటుంబమే వెళ్లిపోతుండేది. పిల్లలు తగ్గితే బడి ఎత్తేస్తామని తాలూకా నుంచి కాగితం వచ్చింది. వెళ్లిపోయిన పిల్లలకూ హాజరు వేయడం మొదలుపెట్టాను. తర్వాత తర్వాత, ఎవరు వచ్చారో చూడకుండానే, సోమవారం పొద్దున్నే వారమంతటికీ అందరికీ వేసేసేవాణ్ణి. బడి కోసమే అనుకున్నాను. నా కొలువు కోసం కాదా?

ఇప్పపూలు రాలే రోజులు. ఆ మంగళవారం మల్లయ్య కూతురు పోసవ్వ, ఎనిమిదేళ్ల పిల్ల, బడికి రాలేదు. ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉండటం చూశాను. పొద్దు వాలుతుండగా మల్లయ్య వచ్చాడు. ఊరి పటేలు అప్పటికే నా బల్ల దగ్గర హాజరు పట్టీ తిరగేస్తున్నాడు.

“ముప్పయ్ మందిని రాస్తవ్, లొల్లి పదిమందిదే ఇనవడ్తది గదా పంతులూ,” అని పటేలు నవ్వాడు.

“మా పోసిని ఏడ దాచినవ్ పంతులూ?” మల్లయ్య కూడా నవ్వుతూనే అడిగాడు. “ఇంకా ఇంటికి రాలే. వాళ్లవ్వ పరేషాన్ అయితుంది. ఇయ్యాల బడికొచ్చిందా?”

పటేలు వేలు ఆమె పేరు మీద ఆగింది. “గిదో, హాజరున్నది.”

“వచ్చింది మల్లన్నా,” అన్నాను. “గంట కొట్టినంక పోయింది.”

ఎక్కడో ఆడుకుంటూ ఉంటుందిలే అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని చూశానా? ఊరంతా బడికీ ఇంటికీ మధ్య వెతికింది. అక్కడ ఉండదని తెలిసీ నేనూ పేరు పెట్టి పిలిచాను. పిల్లలను ఎవరూ అడగలేదు. పంతులు మాట ఉండగా వాళ్ల మాట ఎందుకు? అడవివైపు ఒక్కరూ పోలేదు.

మరునాడు మధ్యాహ్నం పశువులు కాసేవాళ్లు చూశారు. ఇప్పచెట్ల అవతల పాత గుంతలో, కాలు విరిగి, ప్రాణం లేకుండా పడి ఉంది. పలక సంచి నిండా పూలు. బడి వదిలాక పోయిందనుకున్నారు. మల్లయ్య చేతుల మీద మోసుకొచ్చాడు.

“ఒళ్లింకా వెచ్చగనే ఉన్నది పంతులూ.”

ఆ సాయంత్రం పట్టీ తెరిచాను. ఆ రోజుకూ ఆమెకు హాజరు ఉంది.

నెల తిరగకముందే మల్లయ్య చిన్న కూతురిని తెచ్చాడు. “దాని జాగల దీన్ని రాసుకో. బడి పోవద్దు.” రాసుకున్నాను. బడి నిలిచింది. చనిపోయేదాకా అతను నాకు దండం పెట్టేవాడు. నేను తీసుకునేవాణ్ణి.

క్షమించమని అడగను, అడగాల్సిన మనిషి లేడు. ఆ మంగళవారం పేజీలో “ఎండ. పిల్లలందరూ వచ్చారు” అని ఉంది. ఇవాళ దాని కింద ఇంకొక మాట రాశాను. రాశాక కాస్త ఊపిరి ఆడింది, అంతే.

పోసవ్వ రాలేదు. వాళ్ల నాన్న అడిగినప్పుడు నాకు తెలుసు.