రబ్బరు చెప్పులతో అగ్నిపర్వతం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, తిరుమల మెట్లు ఎక్కినవాడికి ప్రపంచంలో ఏ కొండా లెక్కలోకి రాదని గట్టిగా నమ్మేవాణ్ణి. పాకాలలో ఉండే మా మేనమామ కొడుకుదీ (బండోడని పిలుస్తాం, మనిషి మాత్రం ఇనుపకడ్డీలా ఉంటాడు) అదే నమ్మకం. ఇద్దరం చెరో సంచీ వీపుకు తగిలించుకుని ఇండోనేషియా తిరగడానికి వెళ్ళాం. మేం దిగిన లాడ్జి ఓనరమ్మ ఎదురుగా కనబడే కొండను చూపించి, బూట్లు కావాలి, చలికోటు కావాలి, దారి తెలిసిన మనిషి కావాలి అని వచ్చీరాని ఇంగ్లీషులో బతిమాలినట్టు చెప్పింది. బండోడు నవ్వేసి, "కొండన్నాక మెట్లుంటాయి, మెట్లన్నాక అంగళ్ళుంటాయి. పద బావా" అన్నాడు. తెల్లారగానే రబ్బరు చెప్పులతో బయలుదేరాం.

మెట్లు లేవు. అంగళ్ళు అసలే లేవు. కాసేపటికి చెట్లు కూడా అయిపోయి, ఉత్త నల్లబూడిద మిగిలింది. అడుగు పైకి వేస్తే ఆ అడుగూ, దాంతోపాటు మేమూ కిందికి జారేవాళ్ళం. చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, చివరికి చేతులతో పాకి శిఖరం అంచు చేరాను. తల ఎత్తి చూస్తే, కొండకు అవతలి వైపే లేదు! ఊరంత గుంట. అందులోంచి బుసకొడుతూ లేచే తెల్లటి పొగ. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. లేచి, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

"బావా, కొండకి నడిమధ్యలో బొక్క ఉండాది!" అన్నాడు బండోడు, ఎవరో మోసం చేసినట్టు.

సరిగ్గా అప్పుడే నాయన వీడియో కాల్ చేశాడు (ఆ ఎత్తున సిగ్నల్ ఎలా దొరికిందో ఇప్పటికీ తెలీదు).

"యాడుండావురా?"

"కొండమీద, నాయనా."

"ఏ దేవుడుండాడు ఆడ?"

"దేవుడు లేడు. పొగ వస్తా ఉండాది."

ఫోన్ అటు తిప్పి చూపించాను. నాయన కళ్ళు పెద్దవయ్యాయి. "కొండ కాలతా ఉంటే నువ్వాడేం సేస్తా ఉండావురా? దిగు! ముందు దిగు!"

ఆయన మాట పూర్తికాకముందే కాళ్ళ కింద నేల గుర్రుమంది. ఉలిక్కిపడ్డ బండోడి చెప్పొకటి ఊడి గుంటలోకి జారింది. వాడు దానికోసం వంగాడు! వాడి సంచీ పట్టుకుని వెనక్కి లాగితే, ఇద్దరం చతికిలబడి, ఆ బూడిదలో కూర్చున్నవాళ్ళం కూర్చున్నట్టే, అరుస్తూ, చెట్లు మొదలయ్యేదాకా జారుకుంటూ వచ్చేశాం. ప్యాంట్ల వెనకభాగం సంగతి రాయను. నల్లగా తిరిగొచ్చిన మమ్మల్ని చూసి లాడ్జి ఓనరమ్మ ముందు కెవ్వుమంది, తర్వాత వేడినీళ్ళు పెట్టింది.

ఇప్పుడు ఎక్కడికి బయలుదేరినా ఆ చోటు ఫోటోలన్నీ ముందే చూసేస్తాను. చేరాక ఆశ్చర్యపోవడానికి ఏమీ మిగలదు. అలాంటప్పుడు ఆ అంచున నోరు తెరుచుకుని నిలబడ్డ వెర్రివాడు గుర్తొస్తాడు. వాణ్ణి తిట్టాలనే అనుకుంటాను. కానీ నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.