చాటు దొరకని ఎడారి

ఆ రోజుల్లో మా బోధన్ వైపు పొలం మీదికి వెళ్లినవాడికి ఒక్క విషయంలో దిగులుండేది కాదు. నిజాంసాగర్ కాలువ నీళ్లకు నిలువెత్తు దాటి పెరిగిన చెరకు దారికి రెండువైపులా ఉండేది. అవసరం పడితే లోపలికి నాలుగడుగులు వేస్తే చాలు, దేవుడికి తప్ప ఎవరికీ కనపడం. ఇది కూడా ఒక భాగ్యమేనని నాకు పాతికేళ్లు వచ్చేదాకా తెలియదు. తెలిసింది అమెరికా ఎడారిలో, ఒక పెద్దావిడ కారులో, వెనక సీట్లో.

డెబ్బైల మొదట్లో, చక్కెర ఫ్యాక్టరీ తరఫున చెరకు తోటల మీద తిరిగే ఫీల్డ్‌మన్‌లను మా ఇద్దరిని, బీటుదుంపతో చక్కెర ఎలా తీస్తారో చూసి రమ్మని మూడు నెలలకు అక్కడికి పంపారు. ఒకణ్ని నేను. రెండోవాడు నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడైన రెంజల్ అన్న (పేరు వేరే ఉంది గానీ ఊరే పిలుపైపోయింది). చివరి ఆదివారం, మేమున్న ఇంటి యజమానురాలు, అరవై దాటిన మనిషి, ఎడారి చూపిస్తానని పొద్దున్నే కారెక్కించింది. సాయంత్రానికి అవతలి పట్నం చేరాలి. ఎడారిలో దాహం ప్రాణం తీస్తుందంటూ, ఒక చేత్తో కారు నడుపుతూనే అరగంటకొకసారి నీళ్ల సీసా వెనక్కి అందించేది. పెద్దమ్మ లాంటి మనిషి చేత్తో ఇస్తే వద్దనడం మాకు చేతకాదు. తాగాం. పది గంటలకే మా తప్పు మాకు తెలిసొచ్చింది.

చెప్పేస్తే అయిపోయేది. కానీ తల్లి వయసు ఆడమనిషితో ఆ మాట ఎలా అనడం?

"నువ్వు ఇంగ్లీషు సదువుకున్నోనివి, నువ్వే చెప్పు" అన్నాడు అన్న గొంతు తగ్గించి.

"పెద్దోనివి నువ్వుండంగ నేను చెప్తె బాగుంటదా అన్నా?"

"పెద్దోనికి సిగ్గుండదారా?"

(మా గుసగుసలు అద్దంలో చూసి, ఎడారిని మెచ్చుకుంటున్నామనుకుని ఆవిడ సంతోషపడింది. మళ్లీ నీళ్లిచ్చింది.)

మధ్యాహ్నం రొట్టెలు తినడానికి రోడ్డు పక్కన ఆపింది. నా ప్రాణం లేచొచ్చింది. దిగి చూద్దును గదా, కనుచూపు మేర మోకాలెత్తు మొక్క లేదు. అన్న మాత్రం తెగించి, చేతులు వెనక్కి కట్టుకుని, నేల తీరు చూసే అధికారిలా నడుచుకుంటూ పోయాడు. ఫర్లాంగు దూరం పోయాడో లేదో, ఈ మనిషి పాముల్లోకి పోతున్నాడని ఆవిడ టోపీ, నీళ్ల సీసా పట్టుకుని వెంటపడింది. అన్న వేగం పెంచాడు. ఆవిడా పెంచింది. చివరికి నెత్తిన టోపీ పెట్టించుకుని, అరసీసా నీళ్లు తాగి తిరిగొచ్చాడు. "నేల మంచిదే" అన్నాడు నాతో, ఏడుపు గొంతుతో.

దారిలో ఉన్న ఒకే ఒక్క పెట్రోలు బంకు ఆదివారమని మూసి ఉంది. అక్కణ్నుంచి నేను కూర్చోలేను, వాలలేను. కాలు మీద కాలు వేసి, తీసి, మళ్లీ వేసి, రోడ్డు మీద ప్రతి గతుకునూ తిట్టుకున్నాను. నాలుగు గంటలకు అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, ఇగ నాతోని గాదు. కారు ఖరాబైతే మన ఇజ్జత్ పోతది."

నేను కళ్లు గట్టిగా మూసుకుని, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, "అమ్మా, మేమిద్దరం చాలా బాధలో ఉన్నాం. దయచేసి కారు ఆపి అటు తిరగండి" అన్నాను.

ఆవిడ బ్రేకు తొక్కిన తొక్కుడుకు మా తలలు ముందు సీటుకు తగిలాయి. ఆవిడ స్టీరింగు మీద నుదురు ఆనించింది.

"పొద్దుటి నుంచి నేనూ బిగబట్టుకునే ఉన్నాను. ఆడవాళ్లు ముందుగా ఆ మాట అంటే మీ దేశపు మగవాళ్లు తప్పు పడతారని మా పక్కింటావిడ చెప్పింది. మీరెప్పుడు అడుగుతారా అని చూస్తున్నాను" అంది.

కారుకు ఈ పక్క మేము, ఆ పక్క ఆవిడ. ఎవరూ ఎటూ చూడలేదు. "పాపం, పెద్దమనిషిని గింత తిప్పలు వెట్టినం గదరా" అన్నాడు అన్న, నిజంగానే బాధపడుతూ. ఎదురుగా ఎర్రటి కొండలున్నాయని, అవి ఎంతో బాగున్నాయని నేను అప్పుడే చూశాను.

ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డాను. నిజామాబాద్ బస్సెక్కితే, కూర్చోకముందే డ్రైవరుతో "బిడ్డా, నేనన్నప్పుడు ఆపాలె" అని అందరూ వినేట్టు చెప్పేస్తాను. ఇంత చిన్న మాటను పొద్దంతా నోట్లో దాచుకున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ సిగ్గు మళ్లీ పడదామన్నా, నాకు తల్లి వయసు మనిషంటూ ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.